మసాలా పట్టించి పండ్లు బేక్ చేయడం: నీళ్ళు కారకుండా, చక్కెర పోయకుండా

ఓటీజీ (కేకులు చేసుకునే చిన్న కరెంటు ఓవెన్) కొన్నవాళ్ళు మొదటి నెలంతా కేకులు చేసి, ఆ తర్వాత దాని మీద ఒక గుడ్డ కప్పి పక్కన పెట్టేస్తారు. మైదా, చక్కెర లేకుండా అందులో ఏం చేసుకోవచ్చని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, పండ్లు బేక్ చేసుకోండని. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ ప్రశ్నలు వస్తున్నాయి. నీళ్ళు నీళ్ళుగా అయిపోయింది, పైన మాడి లోపల పచ్చిగా ఉంది, దాల్చిన చెక్క చేదెక్కింది, షుగర్ ఉన్న నాన్నకు పెట్టొచ్చా... అందుకే ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి అర్థమైతే మిగతాదంతా తేలిక. పండులోని నీళ్ళు మెల్లగా ఇగిరే కొద్దీ దాని తీపి, వాసన చిక్కబడతాయి. మీరు కింద చేసే ప్రతి పని ఆ నీళ్ళు ఇగరడానికి దారి ఇవ్వడం కోసమే.

ఈ కొలతలు నలుగురికి.

## 1. పండు కొనేటప్పుడే సగం పని

దోరపండు కావాలి. బాగా మగ్గిన పండు పచ్చిగా తినడానికే బాగుంటుంది, వేడి తగిలిందంటే గుజ్జైపోతుంది. మరీ కాయగా ఉంటే ఎంతసేపు పెట్టినా మెత్తబడదు, తీపీ రాదు. బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి, గుంట పడకూడదు.

ఆపిల్: మా అనంతపురం టవర్ క్లాక్ దగ్గర బండ్ల మీద ఎక్కువగా కనపడే ముదురెరుపు డెలీషియస్ రకం చాలాసార్లు పిండిపిండిగా అయిపోతుంది. ఫ్యూజీ గానీ, ఆకుపచ్చగా పుల్లగా ఉండే గ్రానీ స్మిత్ గానీ దొరికితే ముక్క ముక్కలాగే నిలబడుతుంది. డెలీషియసే దొరికితే చేతిలో బరువుగా, గట్టిగా ఉన్నది ఏరుకుని, కింద చెప్పిన టైమ్‌లో ఏడెనిమిది నిమిషాలు తగ్గించండి. వేసవిలో వచ్చేవి కోల్డ్ స్టోరేజీవో దిగుమతివో అయ్యుంటాయి, తొక్క మీద మైనం పూత ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్ళలో కడిగి, పొడిగుడ్డతో గట్టిగా రుద్దండి.

అరటి: మనకు పులివెందుల, పుట్లూరు, నార్పల వైపు నుంచి వచ్చే జీ-9 రకం అరటి సరిపోతుంది. తొక్క పసుపుగా ఉండి తొడిమ దగ్గర ఇంకా కాస్త పచ్చదనం కనపడాలి. నల్లమచ్చలు పడిన పండు తినేయండి, ఓవెన్‌లో పెట్టొద్దు. కేరళ నేంద్రం దొరికితే ఇంకా మంచిది, అది అసలు చెదరదు.

జామ: నా ఓటు దీనికే. లోపల గింజల గుజ్జు తీసేసి కండ మాత్రం బేక్ చేస్తే వచ్చే వాసనకు పక్కింటివాళ్ళు వచ్చి అడుగుతారు. ఎరుపు జామ అయితే చూడ్డానికి కూడా బాగుంటుంది.

పైనాపిల్, పియర్, దోర బొప్పాయి, అంజూర, గట్టిగా ఉన్న బేనీషా మామిడి కూడా బాగానే వస్తాయి. మామిడి విషయంలో జాగ్రత్త, పుల్లటి వాసన ఇంకా పోని పండే తీసుకోవాలి.

ఇక పెట్టకూడనివి. అనంతపురంలో ఉంటూ చీనీని (బత్తాయిని) వదిలేయమంటే ఎవరికీ మనసొప్పదు, కానీ చీనీ రసం వేడెక్కినా, పిండి ఊరికే ఉంచినా చేదెక్కుతుంది. దాన్ని పచ్చిగానే తాగండి. సీతాఫలం గుజ్జుకూ ఇదే గొడవ, కాగితే చేదు. కర్బూజ, పుచ్చకాయ నీళ్ళు తప్ప ఇంకేం మిగల్చవు. దానిమ్మ గింజలు బేక్ చేస్తే గట్టిపడి నోట్లో గుచ్చుకుంటాయి, అన్నీ అయ్యాక పైన చల్లుకోండి.

కొనేముందు చూసుకోవాల్సినవి:

- దోరగా ఉందా, దెబ్బ తగిలిన మెత్తటి చోటు ఉందా
- అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నాయా (లేకపోతే ఒకటి మాడుతుంది, ఒకటి ఉడకదు)
- మొత్తం 600 నుంచి 700 గ్రాములు వస్తుందా
- ఒక నిమ్మకాయ ఇంట్లో ఉందా

## 2. ఓవెన్, గిన్నె

ఓటీజీ ఉంటే పైరాడ్, కిందిరాడ్ రెండూ వెలిగే సెట్టింగ్ పెట్టండి. దాన్ని 16 ఆంప్స్ పెద్ద ప్లగ్‌లోనే పెట్టాలి, చిన్న ప్లగ్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి నడిపితే వైరు వేడెక్కుతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే కన్వెక్షన్ మోడ్‌లోనే చేయాలి. మామూలు మైక్రోవేవ్‌లో పండు ఉడుకుతుంది గానీ ఎర్రబడదు, అది వేరే వంట. ఎయిర్ ఫ్రయర్‌లో 20 డిగ్రీలు తగ్గించి, టైమ్ కూడా నాలుగో వంతు తగ్గించుకోండి.

ఇవేవీ లేకపోతే మందపాటి పాత డబరా ఒకటి తీయండి. అడుగున అంగుళం మందాన కల్లుప్పు పోసి, దాని మీద చిన్న స్టాండ్, స్టాండ్ మీద స్టీలు గిన్నె. మూత పెట్టి సన్నటి మంట మీద పదిహేను నిమిషాలు వేడిచేశాక పండ్లు పెట్టండి. ఇందులో టైమ్ ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది, పైన ఎర్రబడటం తక్కువే, రుచిలో మాత్రం పెద్ద తేడా ఉండదు. కుక్కర్‌ను ఇలా ఖాళీగా కాల్చొద్దు, తర్వాత అది పప్పుకు పనికిరాకుండా పోతుంది.

గిన్నె వెడల్పుగా ఉండాలి, లోతు రెండంగుళాలు చాలు. లోతు గిన్నెలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి, ఆవిరి బయటికి పోక, పులుసులా తయారవుతుంది. చాలామందికి నీళ్ళు కారడానికి అసలు కారణం ఇదే. ఓవెన్‌కు పనికొచ్చే గాజు గిన్నె గానీ స్టీలు ప్లేటు గానీ మంచిది. కేకు చేసే అల్యూమినియం ట్రే తప్ప ఇంకేం లేకపోతే బటర్ పేపర్ పరచండి, పుల్లటి రసం అల్యూమినియాన్ని తినేస్తుంది, రుచిలో లోహపు వాసన వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగులుతుంది, ముందు బయట ఉంచి మామూలు వేడికి రానివ్వండి.

## 3. మసాలా మిశ్రమం

మనకు గరం మసాలా ధారాళంగా వేయడం బాగా అలవాటు కాబట్టి ఇక్కడ కాస్త చెయ్యి కట్టుకోవాలి. బిర్యానీకి వేసినట్టు వేస్తే పండు వాసన పోతుంది.

- దాల్చిన చెక్క పొడి: 1 టీ స్పూన్
- యాలకుల పొడి: పావు టీ స్పూన్
- శొంఠి పొడి: పావు టీ స్పూన్
- లవంగాలు: 2, మెత్తగా దంచినవి (మూడోది వద్దు)
- జాజికాయ: రెండుసార్లు గీకితే రాలినంత
- ఉప్పు: చిటికెడు, మానేయొద్దు
- నెయ్యి: 2 టీ స్పూన్లు
- నిమ్మరసం: 1 టేబుల్ స్పూన్

చెక్క కొనేటప్పుడు గమనించండి. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికే మందపాటి గట్టి బెరడు కేసియా రకం, ఘాటు ఎక్కువ, కాస్త కారంగా కూడా ఉంటుంది. పల్చటి పొరలు పొరలుగా చుట్టుకుని, చేత్తో నలిపితే విరిగేది సిలోన్ రకం. వారానికి ఒకసారి చేసుకునేవాళ్ళకు ఏదైనా ఫరవాలేదు. రోజూ టిఫిన్‌కు ఇదే తినేవాళ్ళు సిలోన్ రకం తెచ్చుకోవడం మేలు, ఎందుకంటే కేసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువ మోతాదులో వెళితే కాలేయానికి మంచిది కాదు.

పొడి పాతదైతే అరచేతిలో వేసి రుద్దినా వాసన రాదు. అలాంటిది రెండు స్పూన్లు వేసినా ఒకటే, పారేసి కొత్తగా చెక్కను వేయించకుండానే మిక్సీ పట్టుకోండి.

పండును బట్టి మసాలా మార్చుకోవచ్చు. ఆపిల్, పియర్‌కు పైన చెప్పిందే. జామకు దాల్చిన చెక్క సగానికి తగ్గించి, దంచిన మిరియాలు పావు స్పూన్, సోంపు అర స్పూన్ వేస్తే చాలా బాగా కుదురుతుంది, చిన్నప్పటి నుంచి ఉప్పూ కారంతో జామ తిన్న నాలుక కదా. పైనాపిల్‌కు మిరియాలు, అనాసపువ్వు ఒక రెక్క. అరటికి యాలకులు, జాజికాయ చాలు, లవంగం వద్దు. బొప్పాయికి శొంఠి, నిమ్మరసం రెండూ రెట్టింపు వేయండి, లేకపోతే చప్పగా ఉంటుంది.

ఇప్పుడు ముఖ్యమైన పని. నెయ్యి గోరువెచ్చగా కరిగించి, పొడులన్నీ అందులో వేసి, నిమ్మరసం పోసి ముద్దలా కలపండి. పొడిని నేరుగా పండు మీద చల్లితే పైరాడ్ వేడికి అది మాడుతుంది, చేదు అక్కడి నుంచే వస్తుంది. నెయ్యిలో తడిసిన మసాలా మాడదు, వాసనా బాగా దిగుతుంది. నెయ్యి వద్దనుకుంటే చెనిక్కాయ నూనె వాడొచ్చు, గానుగ నూనె అయితే దాని వాసన జామకూ అరటికీ అతుకుతుంది గానీ ఆపిల్‌కు అంతగా అతకదు.

## 4. కోయడం, పట్టించడం

ఆపిల్, పియర్ తొక్క తీయొద్దు, పీచు ఎక్కువగా అక్కడే ఉంటుంది, ముక్క చెదరకుండా పట్టుకునేదీ తొక్కే. నిలువుగా సగానికి కోసి, స్పూన్‌తో గింజల గూడు తోడేయండి. మొత్తం పండుగానే పెట్టాలనుకుంటే పైనుంచి గూడు తీసి, నడుం చుట్టూ చాకుతో ఒక గీత పెట్టండి, లేకపోతే లోపలి ఆవిరికి తొక్క చిట్లిపోతుంది.

జామ నాలుగు భాగాలు. పైనాపిల్ అర అంగుళం మందం చక్రాలు, మధ్య గట్టి బొడ్డు తీసేయాలి. బొప్పాయి తొక్క తీసి అంగుళం ముక్కలు. అరటి తొక్క ఒలిచి నిలువుగా రెండు చీలికలు. అంజూర పైనుంచి ప్లస్ గుర్తులా చీరితే చాలు.

కోసిన వెంటనే మసాలా ముద్ద పట్టించి పది నిమిషాలు వదిలేయండి. అరగంట ఉంచితే నిమ్మరసానికీ ఉప్పుకీ ముందే నీళ్ళు ఊరిపోతాయి.

తీపి తక్కువున్న పండైతే నాలుగు ఖర్జూరాలు సన్నగా తరిగి, వేడినీళ్ళు చల్లి, ఆపిల్ గుంటలో కూరండి. ఎండుద్రాక్ష వేస్తే ముక్కల కిందికి తోయాలి. పైన ఉంటే బెలూన్లలా ఉబ్బి నల్లబడతాయి.

## 5. బేక్ చేసే వరుస

1. ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందుగా వేడి చేయండి.
2. ముక్కల్ని కోసిన వైపు పైకి వచ్చేలా, ఒకదానికొకటి తగలకుండా ఒకే వరసలో పేర్చండి.
3. ఆపిల్, పియర్, జామ అయితే గిన్నె అడుగున పావు కప్పు నీళ్ళు పోయండి. పైనాపిల్, మామిడి, బొప్పాయి, అరటి, అంజూరకు చుక్క కూడా వద్దు.
4. గట్టిపండ్లకు (ఆపిల్, పియర్, జామ) మొదటి 20 నిమిషాలు పైన స్టీలు పళ్ళెం మూత పెట్టండి. లోపల ఉడకడానికి ఆ ఆవిరి కావాలి.
5. మూత తీసి, గిన్నెలో ఊరిన రసాన్ని స్పూన్‌తో ముక్కల మీద పోసి, మిగతా టైమంతా మూత లేకుండా ఉంచండి. నీళ్ళు ఇగిరేది, పైన మెరుపు వచ్చేది ఇప్పుడే.
6. చివరి ఐదు నిమిషాలు దగ్గరే ఉండండి, ఫోన్ పక్కన పెట్టి.
7. ఆపేశాక తలుపు కొద్దిగా తెరిచి పది నిమిషాలు వదిలేయండి. పల్చగా కనపడిన రసం చల్లారే కొద్దీ చిక్కబడుతుంది.

మొత్తం టైమ్, ముందు వేడిచేసింది కాకుండా:

- ఆపిల్ సగాలు: 30 నుంచి 35 నిమిషాలు (మొత్తం పండు అయితే 45)
- పియర్, జామ: 25 నుంచి 30
- పైనాపిల్, దోర బొప్పాయి: 20 నుంచి 25, 200 డిగ్రీల దగ్గర
- మామిడి చెక్కలు: 15 నుంచి 18
- అరటి, అంజూర: 12 నుంచి 15

ప్రతి ఓవెన్‌దీ ఒక్కో స్వభావం, నంబర్ మీద ఉన్న వేడి లోపల ఉండకపోవచ్చు. అయ్యిందో లేదో చాకుతో చూడండి. మొన ఆగకుండా లోపలికి దిగాలి, కానీ ముక్క తన ఆకారంలోనే నిలబడాలి. అడుగున రసం చిన్నచిన్న బుడగలతో, అంచుల్లో జిగురుగా కనపడితే తీసేయొచ్చు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా వదిలేయండి, ఆ వేడికే ఇంకాసేపు ఉడుకుతూ ఉంటుంది, వచ్చాక మిగిలిన టైమ్‌కు ఐదు నిమిషాలు కలుపుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు మధ్యాహ్నం పూట ఓవెన్ వెలిగించడమంటే వంటింటినే బేక్ చేయడం. పొద్దున్నే ఆరింటికల్లా పెట్టేసి చల్లార్చి తినండి.

## 6. పైన కరకరలాడే పొర, కావాలంటేనే

అర కప్పు ఓట్స్ లేదా కొర్ర అటుకులు, పావు కప్పు వేయించి పలుకుగా దంచిన చెనిక్కాయ విత్తనాలు, ఒక టేబుల్ స్పూన్ నువ్వులు, ఒక టేబుల్ స్పూన్ బెల్లం పొడి, ఒక టేబుల్ స్పూన్ నెయ్యి. వేళ్ళతో నలుపుతూ కలిపితే రవ్వలా ఉండలు కడుతుంది.

దీన్ని ఆఖరి 12 నిమిషాలప్పుడే చల్లాలి. మొదట్నుంచీ ఉంటే కింద రసం పీల్చి జావవుతుంది, పైన విత్తనాలు మాడుతాయి. అరటి, అంజూర మీద మాత్రం ముందే చల్లొచ్చు, వాటి టైమే అంత.

## 7. తేడా కొడితే

గిన్నె నిండా నీళ్ళు. ముక్కలు తీసి పళ్ళెంలో పెట్టేసి, రసాన్ని చిన్న గిన్నెలోకి వంచి పొయ్యి మీద మరిగించండి. సగమయ్యాక తిరిగి పోయండి. ఈసారి వెడల్పు గిన్నె తీసుకోండి, ఆపిల్ రకం మార్చండి.

పైన నలుపు, లోపల గట్టి. గిన్నె పైరాడ్‌కు దగ్గరగా ఉంది. మధ్య అరకు దించి, రెండు స్పూన్ల నీళ్ళు చల్లి, మూత పెట్టి 160 డిగ్రీల దగ్గర పది నిమిషాలు.

ఎండిపోయి తోలులా అయింది. మూత పెట్టే దశ వదిలేశారు. గోరువెచ్చని నీళ్ళు కొద్దిగా పోసి మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచితే కొంత తేరుకుంటుంది.

లవంగం ఘాటు. దీనికి సరైన మందు లేదు. గట్టిపెరుగుతో తింటే తెలియదు.

గుజ్జైపోయింది. పప్పుగుత్తితో మెదిపి సీసాలో పెట్టుకోండి, రాగి దోశకు, చపాతీకి బ్రహ్మాండమైన జామ్. ఇంటికొచ్చినవాళ్ళకు మొదట్నుంచీ అదే చేద్దామనుకున్నట్టు చెప్పొచ్చు.

పుల్లగా ఉంది. బేక్ చేసేటప్పుడు తీపి తెలియక ముందే బెల్లం వేసేస్తారు చాలామంది. అలా వేయొద్దు. అయ్యాక రుచి చూసి, అప్పటికీ పులుపుంటే వేడిగా ఉన్నప్పుడే ఒక స్పూన్ బెల్లం పొడి చల్లండి. తేనె అయితే గోరువెచ్చగా అయ్యాక.

## 8. టిఫిన్‌కా, భోజనం తర్వాతా

ఉగ్గాని, బజ్జీతో పోటీపడే టిఫిన్ కాదిది, ఆదివారం దాని దారిన దాన్ని వదిలేయండి. మిగతా రోజుల్లో కడుపు నిండాలంటే పండు ఒక్కటే చాలదు, పక్కన ప్రొటీన్ ఉండాలి. గుడ్డలో వడకట్టిన గట్టిపెరుగు ఒక కప్పు, దాని మీద నాలుగు ముక్కలు, గుప్పెడు చెనిక్కాయ విత్తనాలు వేసుకుంటే పదకొండింటి దాకా ఆకలి కాదు. బేక్ చేయని పైనాపిల్, బొప్పాయి పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కుతుంది, వాటిలోని ఎంజైములు పెరుగులోని ప్రొటీన్‌ను విరగ్గొడతాయి కాబట్టి. బేక్ చేసినప్పుడు ఆ ఎంజైములు వేడికి పోతాయి, అప్పుడు నిశ్చింతగా కలుపుకోవచ్చు.

తీపి లేని రాగిజావ మీద బేక్ చేసిన అరటి, వేడి జొన్నరొట్టెలో చుట్టిన జామ, రెండూ చేసి చూడండి. రెండోది విని నవ్వినవాళ్ళు తిన్నాక ఇంకో రొట్టె అడుగుతారు.

భోజనం తర్వాతైతే గోరువెచ్చగా, చిన్న గిన్నెలో, పైన చిక్కటి చల్లని పాలు రెండు స్పూన్లు, దానిమ్మ గింజలు. పిల్లలకు ఒక చిన్న స్కూప్ ఐస్‌క్రీమ్ వేస్తే ఆ ఇంట్లో ఎవరూ హెల్దీ అన్న మాట గుర్తుచేయరు.

## 9. షుగర్ ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలకు

చక్కెర వేయలేదు కదా అని గిన్నెడు తినొద్దు. మీడియం సైజు ఆపిల్‌లో సుమారు 95 కేలరీలు, 4 గ్రాముల పీచు ఉంటాయి. బేక్ చేస్తే పండులో సహజంగా ఉన్న చక్కెర ఎటూ పోదు, నీళ్ళు తగ్గి అదే చక్కెర తక్కువ చోటులోకి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు సగం ఆపిల్ గానీ రెండు జామ ముక్కలు గానీ, తొక్కతో, పెరుగు కలిపి, ఖర్జూరం, బెల్లం లేకుండా తినొచ్చు. అరటి, మామిడి, పైనాపిల్ మీ గ్లూకోమీటర్ ఏం చెబుతుందో చూసుకుని, డాక్టర్‌ను అడిగి. బెల్లం, తేనె చక్కెర కంటే మంచివన్న ధీమా మాత్రం వద్దు, రక్తంలో అవీ చక్కెరలాగే పని చేస్తాయి.

వేడికి సి విటమిన్ కొంత పోతుంది. జామను రోజూ బేక్ చేసుకునే తినాలనేం లేదు, పచ్చిదీ తింటూ ఉండండి.

ఏడాది నిండని పిల్లలకు తేనె వేయకూడదు. ఐదేళ్ళలోపు వాళ్ళకు చెనిక్కాయ విత్తనాలు పలుకులుగా కాకుండా మెత్తగా పొడి చేసి వేయండి, గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

## 10. నిల్వ

మన ఎండల్లో గంటకంటే ఎక్కువ బయట ఉంచొద్దు. చల్లారగానే మూత ఉన్న గాజు లేదా స్టీలు డబ్బాలో, రసంతో సహా ఫ్రిజ్‌లో పెడితే ఆపిల్, పియర్, జామ మూడు నాలుగు రోజులు బాగుంటాయి. అరటి మర్నాటికే జిగటగా నల్లబడుతుంది, తినేంతే చేసుకోండి. కరకర పొరను వేరే సీసాలో పొడిగా వేయించి ఉంచుకుంటే మెత్తబడదు, తినేటప్పుడు చల్లుకోవచ్చు.

మళ్ళీ వేడి చేయాలంటే ఓవెన్ అక్కర్లేదు, పెనం మీద మూత పెట్టి సన్నటి మంటపై మూడు నిమిషాలు చాలు. ఆఖర్లో డబ్బా అడుగున మిగిలే రసాన్ని పారబోయొద్దు, సగం గ్లాసు చల్లటి మజ్జిగలో ఒక స్పూన్ కలుపుకుని తాగండి.